అంచున నిలబడి గీసిన అగాధం (పటాల చరిత్ర – 7వ భాగం)

1869 ఆగస్టు 30న వర్జిన్ నది వచ్చి కలిసేచోట జాన్ వెస్లీ పావెల్ బృందం ఒడ్డుకి చేరడంతో గత భాగం ముగించాం. పదిమంది నాలుగు పడవల్లో బయలుదేరితే ఆరుగురు రెండు పడవల్లో బయటపడ్డారు. గ్రాండ్ కాన్యన్‌లో దూరిన కొలరాడో నది ఎలా వంకలు తిరిగి ఎక్కడ తేలుతుందో ఆ రోజుతో తెలిసింది. పటం మాత్రం ఇంకా చేతికి రాలేదు. పటం పని చూస్తూ వచ్చిన ఓ.జి. హౌలండ్, గట్టెక్కడానికి రెండు రోజుల ముందు, మరో ఇద్దరితో కలిసి నదిని వదిలి కొండెక్కాడు. ఆ ముగ్గురూ ప్రాణాలతో తిరిగి రాలేదు.

అందుకే పావెల్ 1871లో మళ్ళీ నదిలో దిగాడు. ఈసారి కొలతల బాధ్యత చెల్లెలి భర్త ఆల్మన్ థాంప్సన్‌ది. అతనికి సాయం 17 ఏళ్ళ ఫ్రెడరిక్ డెలన్‌బా అనే కుర్రవాడు, చిత్రకారుడు. కనాబ్ అనే చిన్న ఊరి పక్కన చలిలో ఆధారరేఖ కొలిచి, అక్కణ్ణుంచి కొండ కొండకీ త్రిభుజాలు అల్లుకుంటూ పోయారు. 1873 చలికాలంలో డేరాలో కూర్చుని డెలన్‌బా పటం పూర్తిచేశాడు. దాన్ని రేకు గొట్టంలో పెట్టి, మంచుదారుల్లో సాల్ట్ లేక్ సిటీకి మోసుకెళ్ళారు.

ఆ పటం నదిని కాగితం మీదికి తెచ్చింది. లోయని తేలేకపోయింది. పావెల్ మనుషులు చాలావరకు నీటి మట్టం నుంచి పైకి చూస్తూ ప్రయాణించారు. అడుగున ఉన్నవాడికి రెండు పక్కలా నల్లటి బండలూ నెత్తిన సన్నటి ఆకాశమూ కనిపిస్తాయి. ఆ బండల వెనక, అంతస్తులుగా వెనక్కి జరుగుతూ పోయిన వేల అడుగుల గోడలు, వాటిని చీల్చుకుంటూ వచ్చిన పక్కలోయలు, కోత నుంచి తప్పించుకుని విడిగా నిలిచిన శిఖరాలు కనబడవు. దక్షిణపు అంచు సముద్రమట్టానికి సుమారు 6,900 అడుగుల ఎత్తున ఉంటుంది. ఎదుటి ఉత్తరపు అంచు 8,200 అడుగులు. మధ్యన నది 2,400 అడుగుల దగ్గర పారుతుంది. ఒక అంచు నుంచి రెండో అంచుకి గాలిలో పది మైళ్ళు. ఈ పది మైళ్ళ మధ్య ఏ గోడ ఎక్కడ మొదలై ఎక్కడ విరిగిందో చూపించే పటం 20వ శతాబ్దం మొదట్లో గాని రాలేదు. దాన్ని గీసిన మనిషి కథ ఈ భాగంలో చెప్పుకుందాం.

అంతకు ముందు ప్రయత్నాలు జరక్కపోలేదు. 1858లో లెఫ్టినెంట్ జోసెఫ్ ఐవ్స్ సైనిక బృందంతో ఇటు వచ్చినప్పుడు వెంట ఎగ్లాఫ్‌స్టైన్ అనే జర్మన్ చిత్రకారుడు ఉన్నాడు. 1861లో అచ్చయిన నివేదికలో అతను వేసిన బొమ్మల్లో లోయ ఉన్నదానికంటే చాలా ఇరుకుగా, గుండె జారిపోయేంత నిటారుగా ఉంటుంది. చూసినదాన్ని కాక, పడ్డ భయాన్ని వేశాడనిపిస్తుంది. అదే నివేదికకి అతను చేసిన పటం మాత్రం ఆశ్చర్యపరుస్తుంది: కొండలకి వెలుగునీడలు దిద్ది, చూడగానే ఎత్తుపల్లాలు తెలిసేలా చేశాడు. చూడటానికి బాగుంది గాని, ఆ నీడల్లోంచి ఎవరూ ఒక ఎత్తుని అడుగుల్లో చదవలేరు. ఐవ్స్ అయితే ఈ చోటు ఎవరికీ అక్కరకి రాదనీ, తమ తర్వాత తెల్లవాళ్ళెవరూ ఇక్కడికి రాబోరనీ తేల్చేశాడు.

1879లో అమెరికా భూగర్భ సర్వే సంస్థ ఏర్పడింది. రెండేళ్ళలో పావెల్ దానికి డైరెక్టరయ్యాడు. 1880లలో ఆ సంస్థ ఈ ప్రాంతానికి వేసిన పటాలు 1:2,50,000 స్కేలువి. వాటిలో కాంటూరు రేఖకీ రేఖకీ మధ్య ఎత్తు తేడా 250 అడుగులు.

కాంటూరు రేఖ అంటే ఏమిటో మన పల్లెల్లో పెరిగినవాళ్ళకి చెప్పడం తేలిక. ఎండాకాలం చెరువులో నీళ్ళు తగ్గుతుంటే ఒడ్డు చుట్టూ చారలు మిగులుతాయి. ఒక్కో చార ఒకనాడు నీళ్ళు ఆగిన మట్టం. దాని పొడవునా ఎత్తు ఒకటే. గట్టు నిటారుగా ఉన్నచోట చారలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి, వాలు తక్కువగా ఉన్నచోట దూరంగా జరుగుతాయి. కాంటూరు పటంలో చదవాల్సింది ఇదే. చార చారకీ 250 అడుగుల తేడా పెట్టుకుంటే 500 అడుగుల నిలువు బండకి రెండే రెండు గీతలు పడతాయి. గ్రాండ్ కాన్యన్‌కి ప్రాణం ఆ బండల్లోనే ఉంది. రెండు గీతల్లో అది ఇమడదు.

1901 సెప్టెంబరులో శాంటా ఫే కంపెనీ రైలు దక్షిణపు అంచు దాకా వచ్చింది. అప్పటిదాకా గుర్రపు బళ్ళ మీద ఒళ్ళు హూనం చేసుకుని వచ్చిన యాత్రికులు ఇక రైలు దిగి నాలుగడుగులేస్తే చాలు, అగాధం కళ్ళ ముందుంటుంది. మరుసటి వసంతంలో అదే అంచుకి ఫ్రాంస్వా ఎమీల్ మాథెస్ వచ్చాడు. వయసు 28. ఆంస్టర్‌డాంలో కవలల్లో ఒకడిగా పుట్టి, చిన్నతనంలో కొంతకాలం స్విట్జర్లాండులో గడిపి, 1891లో అమెరికా చేరాడు. ఎం.ఐ.టి.లో ఇంజనీరింగు చదివి 1895లో పట్టా పుచ్చుకున్నాడు. మరుసటి ఏడు భూగర్భ సర్వేలో చేరి, వయోమింగ్‌లోని బిగ్‌హార్న్ పర్వతాలనీ మొంటానాలోని హిమానీనదాల సీమనీ సర్వే చేసి వచ్చాడు. అతనికి బొమ్మ వేసే చెయ్యి ఉంది. కొండ ఆకారాన్ని చూస్తే అది అలా ఎందుకయిందో ఆలోచించే బుర్ర కూడా ఉంది. నేల ఎలా మలచబడిందో తెలియనివాడు దాని ఆకారాన్ని సరిగ్గా గీయలేడని అతని నమ్మకం. మాథెస్ పనిలో తక్కినవాళ్ళకంటే మిన్నగా కనిపించేదంతా ఈ నమ్మకంలోంచి వచ్చిందే.

అతను తీసుకున్న స్కేలు 1:48,000. కాగితం మీద ఒక అంగుళం నేల మీద 4,000 అడుగులు. కాంటూరు తేడా 50 అడుగులు, అంటే వెనకటి పటాల్లో ఒక గీత ఉన్నచోట ఇప్పుడు ఐదు. ఒక్కో షీటు అక్షాంశంలో 15 నిమిషాలు, రేఖాంశంలో 15 నిమిషాలు పట్టే ముక్క. కొలిస్తే నిలువు 23 అంగుళాలు, అడ్డం 18 అంగుళాల చిల్లర. దక్షిణపు అంచు నుంచి నదికి దిగేలోపు 90 గీతలు, నది నుంచి ఉత్తరపు అంచుకి ఎక్కేలోపు 116 గీతలు పడాలి. రెండు వందల పైచిలుకు గీతలకి కాగితం మీద దొరికే చోటు 13 అంగుళాలు. ఆ గీతలైనా సమంగా సర్దుకుని ఉండవు. రెడ్‌వాల్ అనే ఎర్రటి సున్నపురాతి గోడ దగ్గర పది గీతలు ఒకదాని మీదొకటి పడ్డట్టుంటాయి. దాని కింద టోంటో అనే బల్లపరుపు మెట్టు మీద రెండు గీతల మధ్య వేలు పట్టేంత ఖాళీ ఉంటుంది.

మాథెస్ వాడిన పద్ధతి ప్లేన్ టేబుల్ సర్వే. సివిల్ ఇంజనీరింగు చదివినవాళ్ళకి ఇది పాత పరిచయం. ముక్కాలి పీట మీద బల్ల, బల్ల మీద కాగితం, కాగితం మీద దుర్భిణి బిగించిన పొడుగాటి స్కేలు. ఆ స్కేలుని అలిడేడ్ అంటారు. అంచున ఒక చోట నిలబడి, ఎదుటి శిఖరం కొసని దుర్భిణిలో పట్టి, స్కేలు వెంట పెన్సిల్ గీత లాగుతారు. బల్లని కొన్ని మైళ్ళు మోసుకుపోయి ఇంకోచోట నిలబెట్టి, అదే శిఖరానికి మరో గీత లాగుతారు. రెండు గీతలు ఎక్కడ కోసుకుంటే శిఖరం అక్కడ ఉన్నట్టు. మూడోచోటి నుంచి లాగిన గీత కూడా ఆ బిందువు మీదుగానే పోతే నమ్మవచ్చు, పోకపోతే ఎక్కడో పొరపాటు జరిగినట్టే. చూపు ఎంత వంగిందో కోణం కొలిచి, దూరంతో లెక్క కడితే ఎత్తు వస్తుంది. అలా వచ్చిన బిందువుల మధ్య కాంటూర్లని అక్కడికక్కడే, కొండని ఎదురుగా చూస్తూ గీయాలి. ఆఫీసుకి వెళ్ళాక తలచుకుని గీసేది కాదు.

పది మైళ్ళ దూరం అనేసరికి ఇంకో చిక్కు వస్తుంది. భూమి గుండ్రంగా ఉంది గనక అంత దూరాన ఉన్న వస్తువు చూపు రేఖకి కిందికి జారి కనిపిస్తుంది. గాలి పొరల్లో వెలుగు వంగడాన్ని కూడా కలిపి లెక్కవేస్తే ఆ జారుడు సుమారు 57 అడుగులు. అంటే భూమి గుండ్రదనాన్ని మరిచిపోయిన సర్వేయరు ఎదుటి అంచున ఒక కాంటూరు పైనే తప్పుతాడు. అందుకని ప్రతి కోణానికీ దిద్దుబాటు చెయ్యాలి. ఎండలో, గాలిలో, బల్ల కదలకుండా పట్టుకుని, వందల బిందువులకి ఈ లెక్క కట్టాలి. దక్షిణపు అంచున తాగే నీళ్ళు కూడా రైలు మీద రావాల్సిన రోజులవి.

పావెల్ అడుగునుంచి చూశాడు, మాథెస్ అంచునుంచి చూశాడు. ఈ తేడాలోనే పటం దక్కింది. అంచున నిలబడితే గోడలు మెట్లుమెట్లుగా కిందికి పరుచుకుని కనిపిస్తాయి. ఒక్కో రాతిపొర మైళ్ళకొద్దీ ఒకే మట్టంలో సాగిపోతుంది. ఒక పొర ఎత్తు ఒకచోట తెలిస్తే పక్కలోయలోకి దాని వెంట చూపు నడిపించవచ్చు. రాతిపొరలే సహజమైన కాంటూరు గీతల్లా సాయపడే ఇలాంటి నేల సర్వేయరుకి దొరకడం అరుదు. అయితే పొరలు సరిగ్గా మట్టంగా ఉండవు, అక్కడక్కడా విరిగి పైకీ కిందికీ జరిగాయి. ఆ విరుపులు పట్టుకోవడానికే భూగర్భశాస్త్రం తెలిసిన కన్ను కావాలి. అంచునుంచి ఒక్కటి సరిగ్గా కనబడదు: నది. లోపలి ఇరుకు గండిలో దాక్కుని, కొద్ది చోట్ల నుంచే తళుక్కుమంటుంది.

దక్షిణం నుంచి చూడగలిగింది అయ్యాక ఉత్తరపు అంచుకి వెళ్ళాలి. చుట్టుతిరిగి లీస్ ఫెర్రీ రేవు దాటి వెళ్ళడమంటే ఎడారిలో చాలా పెద్ద ప్రయాణం. మాథెస్ లోయని అడ్డంగా దాటడానికే సిద్ధపడ్డాడు. 1902 వేసవి చివర్లో బృందం పడమరగా పోయి, విలియం బాస్ అనే గని అన్వేషకుడు వేసుకున్న దారిలో నదికి దిగింది. మనుషులూ సామానూ పడవ మీద, గుర్రాలూ కంచరగాడిదలూ ఈదుకుంటూ అవతలి ఒడ్డు చేరాయి. అక్కణ్ణుంచి షినుమో వాగు వెంట కైబాబ్ పీఠభూమి మీదికి ఎక్కారు. దేవదారు, పైన్ చెట్ల దట్టమైన అడవి. ఆ అడవి అంచున బల్ల నిలబెట్టి, ఇంతకాలం ముందునుంచి చూసిన శిఖరాలని ఇప్పుడు వెనకనుంచి చూశాడు.

నవంబరు వచ్చింది. ఉత్తరపు అంచున మంచు పడటం మొదలైతే వసంతం దాకా దిగే దారి ఉండదు. వచ్చిన దారిన పోవడానికి వ్యవధి చాలదు. అలాంటి సమయంలో బ్రైట్ ఏంజెల్ లోయలోంచి, అలసి సొలసిన ఇద్దరు మనుషులు ఒక గాడిదతో పైకి వచ్చారు. ఆ లోయలో దారి ఉందని అప్పటిదాకా మాథెస్‌కి తెలియదు. వాళ్ళు వచ్చారంటే తామూ దిగవచ్చు. బండలు దొర్లించుకుంటూ, పొదలు నరుక్కుంటూ దిగారు. వాగుని తొంభైసార్లకు పైగా దాటాల్సి వచ్చింది. నది దగ్గర మళ్ళీ పడవ, మళ్ళీ ఈత. ఎట్టకేలకు దక్షిణపు అంచుకి చేరారు. ఈనాడు ఏటా వేలమంది నడిచే ఉత్తర కైబాబ్ కాలిబాటకి మొదలు ఆ దిగుడే.

ఆ ప్రయాణానికి వీలిచ్చిన కారణం మాథెస్ గీసిన బ్రైట్ ఏంజెల్ షీటులోనే కనిపిస్తుంది. దక్షిణపు అంచున ఊరి దగ్గరున్న నొక్కు నుంచి ఈశాన్యంగా చూపు పోనిస్తే, నదికి ఇవతలి వాగూ అవతలి బ్రైట్ ఏంజెల్ లోయా దాదాపు ఒకే సరళరేఖలో ఉంటాయి. అది భూమిలో పడ్డ విరుపు, బ్రైట్ ఏంజెల్ ఫాల్ట్. తక్కినచోట్ల మనిషికి లొంగని రెడ్‌వాల్ గోడ ఈ విరుపు వెంట నలిగి, వాలుగా జారింది. పొట్టేళ్ళూ మనుషులూ దారి వెతుక్కున్నది అక్కడే.

ఇంకో సంగతి కూడా షీటు చూడగానే తెలుస్తుంది. నది లోయకి నట్టనడుమ లేదు. దక్షిణపు అంచుకి దగ్గరగా ఉంది, ఉత్తరపు అంచుకి రెట్టింపు పైగా దూరంలో ఉంది. పీఠభూమి మొత్తం దక్షిణానికి వాలి ఉండటమే కారణం. ఉత్తరపు ఎత్తుల మీద పడ్డ వానా మంచూ లోయలోకే పారుతూ గోడల్ని వెనక్కి కోసేస్తాయి. దక్షిణపు అంచున పడ్డ నీళ్ళు లోయకి వీపు తిప్పి వెళ్ళిపోతాయి. అందుకే ఉత్తరాన పక్కలోయలు పొడుగు, దక్షిణాన పొట్టి. పేజీలకి పేజీలు రాసినా ఒప్పించలేని సంగతిని ఆ గోధుమరంగు గీతలు క్షణంలో చూపిస్తాయి.

తెలుగు పాఠకుడు ఈ షీట్ల మీద వంగితే తెలిసిన పేర్లు తగులుతాయి. విష్ణు టెంపుల్, శివ టెంపుల్, బ్రహ్మ టెంపుల్, దేవ టెంపుల్, మను టెంపుల్, కృష్ణ ష్రైన్, రామ ష్రైన్, హిందూ యాంఫీథియేటర్. ఇక్కడ ఏ గుడీ లేదు, ఏ హిందువూ కట్టలేదు. పావెల్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డటన్ అనే సైనికాధికారి పెట్టిన ఒరవడి ఇది. 1882లో వచ్చిన తన బృహద్గ్రంథంలో అతను ఈ విడి శిఖరాలని వర్ణిస్తూ, ఇంత ఘనమైన ఆకారాలకి అమెరికా సేనానుల పేర్లు చాలవనుకున్నట్టు, తూర్పుదేశాల దేవతల పేర్లు పెట్టాడు. అంతస్తులంతస్తులుగా పైకి సన్నబడుతూ పోయే రూపం అతనికి తూర్పు ఆలయాలని తలపించింది. విష్ణు, శివ శిఖరాల పేర్లు అతనివే. మాథెస్ ఆ వరసనే కొనసాగిస్తూ కృష్ణుడి పేరూ, జర్మన్ పురాణాల వోటాన్ పేరూ చేర్చాడు. అతని సహచరుడు రిచర్డ్ ఎవాన్స్ పడమటి వైపు ఆర్థర్ రాజు కథల్లోని పేర్లు నింపాడు.

7,500 అడుగులు దాటిన విష్ణు శిఖరం పేరు ఆ తర్వాత లోయ అడుగుకి కూడా దిగింది. ఆ శిఖరం కింది వాగు దగ్గర బయటపడ్డ పురాతన శిలలకి భూగర్భశాస్త్రవేత్త చార్లెస్ వాల్కాట్ విష్ణు పేరే ఇచ్చాడు. నదికి రెండు పక్కలా పావెల్ చూసిన నల్లటి బండలు ఇవే. వయసు సుమారు 170 కోట్ల ఏళ్ళు. తరువాతి శాస్త్రవేత్తలు వాటి తోడి శిలలకి బ్రహ్మ, రామ అని పేర్లు పెట్టారు. ఈ రోజు ప్రపంచంలో ఏ భూగర్భశాస్త్ర విద్యార్థి అయినా గ్రాండ్ కాన్యన్ పాఠాన్ని విష్ణు శిస్ట్‌తోనే మొదలుపెడతాడు.

శివ టెంపుల్‌కి వేరే కథ ఉంది. చదునైన నెత్తితో, చుట్టూ గోడలతో, అడవి కప్పుకుని కనిపించే ఆ శిఖరం మీద లోకం నుంచి విడిపోయిన జంతువులు వేరే రకాలుగా మారి ఉంటాయేమోనని 1937లో న్యూయార్కులోని అమెరికన్ ప్రకృతి చరిత్ర మ్యూజియం ఒక బృందాన్ని పంపింది. పత్రికలు దాన్ని మాయాలోకపు యాత్రలా ఊదరగొట్టాయి. బృందానికి పైన ఎలుకలూ ఉడతలూ దొరికాయి, అన్నీ మామూలువే. ఎవరో అంతకుముందే వచ్చి పారేసిన కొడాక్ ఫిల్ము డబ్బా కూడా దొరికింది. అది అంచున స్టూడియో పెట్టుకున్న ఫొటోగ్రాఫర్ ఎమరీ కోల్బ్‌ది. మాథెస్ కాంటూర్లు జాగ్రత్తగా చదివితే ఆ శిఖరానికీ ఉత్తరపు అంచుకీ మధ్య మెడలాంటి కొండవంపు ఉందనీ, జంతువు దాటలేని అగాధం కాదనీ తెలుస్తుంది.

దేవుళ్ళకి ఇంత చోటు ఇచ్చిన ఆ పటం మనుషులకి చాలా తక్కువ చోటిచ్చింది. బ్రైట్ ఏంజెల్ కాలిబాట సగం దిగాక ఊట నీళ్ళతో పచ్చగా ఉండే మెట్టు దగ్గర 'ఇండియన్ గార్డెన్' అని రాసి ఉంటుంది. అక్కడ మొక్కజొన్నా, చిక్కుడూ, గుమ్మడీ పండించుకున్నది హవసుపాయి ప్రజలు. కాలిబాట కూడా వాళ్ళు నడిచి నడిచి పడినదే. 1890-91లో గనుల కోసం వచ్చినవాళ్ళు దాన్ని వెడల్పు చేసి, తర్వాత యాత్రికుల దగ్గర మనిషికి ఒక డాలరు సుంకం వసూలు చేశారు. హవసుపాయిలకి 1882లో ప్రభుత్వం మిగిల్చిన భూమి ఒక పక్కలోయ అడుగున 518 ఎకరాలు. పీఠభూమి మీద వాళ్ళు తరతరాలుగా వేటాడిన, శీతకాలం గడిపిన నేలంతా పోయింది. 1928లో పార్కు అధికారులు ఆ తోటలోంచి వాళ్ళని పూర్తిగా ఖాళీ చేయించారు. 1975లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి 1,85,000 ఎకరాలు తిరిగి ఇచ్చింది. పటం మీద పేరు దిద్దడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది: 2022 నవంబరులో ఆ చోటు హవసుపాయి గార్డెన్స్ అయింది. మాథెస్ నేలని ఎంత నిజాయితీగా గీశాడో ఒప్పుకుంటూనే, ఆ నేల ఎవరిదో ఆ పటం చెప్పలేదని కూడా గుర్తు పెట్టుకోవాలి.

లోయ దగ్గర సర్వే పని అయ్యాక అసలు చిత్తు వాషింగ్టన్ చేరింది. అక్కడ చెక్కేవాళ్ళు మూడు రాగి రేకుల మీద దాన్ని తిరగరాశారు. దారులు, ఇళ్ళు, పేర్లు ఒక రేకు మీద, నల్ల సిరాకి. వాగులూ నదీ ఇంకో రేకు మీద, నీలానికి. కాంటూర్లు మూడో రేకు మీద, గోధుమరంగుకి. మూడూ ఒకదాని మీదొకటి వెంట్రుకవాసి తేడా లేకుండా అచ్చు పడాలి. రెడ్‌వాల్ లాంటి గోడల దగ్గర పది గీతల్ని కలిసిపోనివ్వకుండా రాగిలో కోసిన ఆ పనివాళ్ళ పేర్లు పటం మీద ఉండవు. వాళ్ళ చెయ్యి లేనిదే మాథెస్ పని మనదాకా వచ్చేది కాదు. బ్రైట్ ఏంజెల్, విష్ణు, షినుమో షీట్లు అలా వెలువడ్డాయి.

వాటితో ఏం జరిగింది? 1903 మేలో ప్రెసిడెంట్ రూజ్వెల్ట్ ఇదే అంచున నిలబడి, దీన్ని ఉన్నదున్నట్టు ఉంచండని జనాన్ని కోరాడు. 1908లో జాతీయ స్మారక ప్రాంతంగా ప్రకటించాడు. 1919 ఫిబ్రవరిలో జాతీయ పార్కు అయింది. పార్కుకి పటం కావాల్సి వచ్చినప్పుడు తూర్పు సగానికి 1902-05 నాటి పనినే తీసుకున్నారు. ఎవాన్స్ 1920లలో పడమటి సగం పూర్తిచేశాడు.

అదే కాలంలో నదిని మరో కన్ను చూస్తోంది. 1922 నవంబరులో కొలరాడో పరీవాహక రాష్ట్రాలు నీళ్ళు పంచుకుంటూ ఒప్పందం రాసుకున్నాయి. ఎగువకి 75 లక్షల ఎకరా-అడుగులు, దిగువకి 75 లక్షలు. మన లెక్కలో చెప్పాలంటే రెండూ కలిపి సుమారు 653 టీఎంసీలు. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా నీళ్ళలో ఒక్క ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి ఇచ్చిన వాటా 811 టీఎంసీలని గుర్తుంచుకుంటే, అంత పెద్ద ఎడారి సీమ ఎంత కొద్ది నీళ్ళ మీద ఆశలు పెట్టుకుందో అర్థమవుతుంది. 1923 ఆగస్టు 1న క్లాడ్ బర్డ్‌సై నాయకత్వంలో సర్వే సంస్థ బృందం లీస్ ఫెర్రీ నుంచి పడవలు వదిలింది. పని: నది పొడవునా ఎత్తులు కొలిచి, ఆనకట్టలకి అనువైన చోట్లు గుర్తించడం. పడవలు నడిపించే పెద్ద పైన చెప్పుకున్న ఎమరీ కోల్బే. వెంట తెచ్చుకున్న రేడియోలో, గండి అడుగున, ప్రెసిడెంట్ హార్డింగ్ చనిపోయిన వార్త విన్నారు. సెప్టెంబరులో లావా ఫాల్స్ దగ్గర వరద ఒక్కసారిగా ఇరవై అడుగులు పైకి లేచి పడవల్ని లాక్కుపోబోయింది. అయినా కొలతలు తప్పలేదు.

ఆ బృందంలో యూజీన్ లరూ అనే జలవనరుల ఇంజనీరు ఉన్నాడు. నదిలో నీళ్ళు ఒప్పందంలో రాసుకున్నన్ని లేవని అతను ముందునుంచీ చెబుతూ వచ్చాడు. ఎవరూ వినలేదు. ఒప్పందానికి ఆధారమైనవి వానలు బాగా పడ్డ ఏళ్ళ లెక్కలు. ఈనాడు కొలరాడో మీద పెద్ద జలాశయాలు రెండూ వెలవెలబోవడానికి కరువుతో పాటు ఆ పాత తప్పుడు లెక్క కూడా కారణం. 1960లలో గ్రాండ్ కాన్యన్‌కి ఎగువా దిగువా, మార్బుల్ కాన్యన్‌లోనూ బ్రిడ్జ్ కాన్యన్‌లోనూ, రెండు ఆనకట్టలు కట్టాలని చూస్తే దేశవ్యాప్తంగా నిరసన లేచింది. 1968లో ఆ ప్రతిపాదనలు పక్కకి పోయాయి. ఆనకట్ట కట్టాలన్నవాళ్ళూ వద్దన్నవాళ్ళూ, లోయ ఎంతవరకు మునుగుతుందో చూపించడానికి కాంటూరు గీతల మీదే వేలు పెట్టారు.

మాథెస్ 1905లో గ్రాండ్ కాన్యన్ పని ముగించి యొసెమిటీ లోయ పటానికి వెళ్ళాడు. అక్కడ మంచు కోసిన గోడల మీద జీవితాంతం పనిచేసి, 1930లో దాని భూగర్భ చరిత్రని వెలువరించాడు. వాతావరణం గురించిన చర్చల్లో మనం ఇప్పుడు తరచు వినే 'చిన్న మంచుయుగం' అన్న మాట 1939లో అతని రాతల్లో మొదట కనిపించింది. 1948లో చనిపోయాడు. అతని పేరు శాస్త్రవేత్తలకి తెలిసినంతగా మామూలు జనానికి తెలియదు. పావెల్ సాహసాన్ని గురించి పుస్తకాలు వరసకట్టి వచ్చాయి, సినిమా తీశారు. అంచున బల్ల పెట్టుకుని, మూడు నాలుగు సీజన్లు గీత వెంట గీత గీసిన మాథెస్ పనిని నేను దానికి ఏమాత్రం తక్కువగా ఎంచను.

పటాల మీద ఆసక్తి ఉన్న పాఠకులకి ఒక విన్నపం. అమెరికా భూగర్భ సర్వే తన పాత షీట్లన్నిటినీ స్కాన్ చేసి ఉచితంగా ఇస్తోంది. బ్రైట్ ఏంజెల్ షీటు తెచ్చుకుని, పెద్దది చేసి, ఊరి దగ్గర మొదలుపెట్టి నది దాకా గీతలు లెక్కపెట్టుకుంటూ దిగండి. గీతలు ఎక్కడ ముద్దయ్యాయో, ఎక్కడ విడిపోయాయో చూడండి. దారి తప్పకుండా దిగిపోతారు. 1970లో 60 ఏళ్ళ వయసులో బ్రాడ్‌ఫర్డ్ వాష్‌బర్న్ అనే బోస్టన్ మ్యూజియం డైరెక్టరు హెలికాప్టరూ, లేజరు కొలతల పరికరమూ పట్టుకుని ఇదే లోయ మీదికి వచ్చాడు. ఎనిమిదేళ్ళ ఆ పని గురించి వచ్చే భాగంలో.